అమోసు గారి చింపాంజీలు

మీరు అమోసు గారిని కలిసి తీరాలి. ఏ పనిలో ఉన్నా సరే, పక్కన పెట్టేయండి. కొందరు పంచాంగం చూసి పని మొదలుపెడతారు, కొందరు పెళ్లాన్ని అడిగి మొదలుపెడతారు. అమోసు గారు చింపాంజీని అడిగి మొదలుపెడతారు. ఒమాన్‌లో చింపాంజీలు లేవు కాబట్టి వాటి తరఫున జవాబు కూడా ఆయనే చెప్పేస్తారు.

ఇదంతా డెబ్బై ఏడులో. ఇబ్రికి పది మైళ్ల అవతల మా రోడ్డు కంపెనీ క్యాంపు. రెండొందల మంది మనుషులు, రేకుల గదులు, ఒక వంటశాల, ఒక మందుల గది. మందుల గదిలో అమోసు గారు కాంపౌండరు. నర్సాపురం మనిషి. ఇక్కడికి రాకముందు తొమ్మిదేళ్లు ఆఫ్రికాలో, టాంజానియాలో చేసి వచ్చారు. నేను పక్క గదిలో టైపిస్టుని. చదివింది మాత్రం బీయస్సీ బోటనీ. బోటనీ వాడిని టైపు మిషను ముందు కూర్చోబెట్టడం కంపెనీకి తప్పనిపించలేదు. ఇబ్రి చుట్టుపక్కల ఉన్న మొక్కల్ని లెక్కపెట్టాక నాకూ అనిపించలేదు.

నేను చేరిన మొదటిరోజు మెస్సులో కమలాపండు ఒలుచుకోబోతుంటే, ఒక పెద్దాయన వచ్చి నా చేతిలోంచి తీసుకున్నారు. బొటనవేలితో, చూపుడువేలితో మెల్లిగా నొక్కారు. వాసన చూశారు. పెదవికి ఆనించారు. తిరిగి నా చేతిలో పెట్టారు.

"తినండి. చింపాంజీ అయితే తింటాదండి."

"తినకపోతేనో?"

"ఇంకో నాలుగు రోజులాగుద్దండి. దానికి తొందరేం లేదు, డ్యూటీ లేదు కదా."

అదీ మా పరిచయం. తర్వాత వారం రోజుల్లో ఆయన నా అరటిపండు, టమాటా, ఉడకబెట్టిన గుడ్డు కూడా నొక్కి చూశారు. గుడ్డు విషయంలో చింపాంజీకి స్పష్టమైన అభిప్రాయం లేదని చెప్పారు.

కడుపు నొప్పని ఎవరైనా వస్తే మందు ఇస్తారు. ఊరికే ఇవ్వరు. "నిన్న ఏం తిన్నావు నాయనా? నిలవన్నమా? చింపాంజీ పొద్దున్నది సాయంత్రం ముట్టదు. నీకు ముట్టాలని ఎలా అనిపించింది?" ఆ మనిషి సిగ్గుపడి వెళ్లిపోతాడు. మర్నాటి నుంచి గదిలో ఎవడైనా నిలవన్నం గిన్నె తీస్తే నలుగురు ఒకేసారి అంటారు, "అరే, చింపాంజి గూడ ముట్టదురా!"

ఎండాకాలం మధ్యాహ్నాలు సైట్ మీద మనుషులు కళ్లు తిరిగి పడుతుంటే ఫోర్‌మన్‌కి ఉత్తరం రాయించారు. టైపు చేసింది నేనే. పన్నెండు నుంచి మూడు దాకా చింపాంజీలు నీడ వదలవు, తమరు గమనించగలరు, అని. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"నా మనుషులు చింపాంజీలు కాదు!"

"అందుకేనండి రాశాను," అన్నారు అమోసు గారు. "చింపాంజీలకైతే ఎవరూ చెప్పక్కర్లేదు."

రెండు గంటల విరామం వచ్చింది. ఫోర్‌మన్ మాత్రం ఆ ఉత్తరాన్ని ఫైల్‌లో పెట్టొద్దని నాకు చెప్పాడు.

ఆయన దగ్గర నీలం అట్ట పుస్తకం ఒకటుండేది. నిండా ఆఫ్రికా అడవి అత్తిచెట్లే. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుంది, చింపాంజీలు ఏ కాయ పచ్చిది తింటాయి, ఏది పండేదాకా ఆగుతాయి, లేత ఆకు ఏ చెట్టుది తింటాయి, పండు నమిలి రసం పీల్చి పిప్పిని ఎలా ఉమ్మేస్తాయి, అన్నీ ముత్యాల్లాంటి చేతిరాతతో ఉన్నాయి. బొమ్మలు కూడా ఉన్నాయి. చింపాంజీ బొమ్మలు మటుకు అన్నీ ఒకే మనిషిలా ఉండేవి. నేను అది అడగలేదు.

క్యాంపుకి అరమైలు దూరంలో, వాన పడితే తప్ప నీళ్లు పారని ఒక వాగు ఉంది. దాన్ని ఇక్కడ వాదీ అంటారు. దాని ఒడ్డున బండ చీలికలోంచి ఒక చెట్టు మొలిచింది. సన్నటి ఆకులు, శనగ గింజల కన్నా కాస్త పెద్ద కాయలు. మొదటిసారి దాన్ని చూసినప్పుడు నేను ఎగిరి గంతేశాను.

"అమోసు గారూ! ఇది ఫైకస్! అడవి అత్తి!"

"తెలుసండి. మా ఆఫ్రికా చెట్టుకి చుట్టం. సముద్రం దాటొచ్చింది, మనలాగే. బతాకా ఒక్కటే లేదు దీనికి."

బతాకా అంటే లేబర్ కార్డు. అది లేకపోతే ఇక్కడ ఎవరైనా ఆగాల్సిందే. చెట్టు ఒక్కటే ఆగలేదు.

నేను ఒక కాయ విప్పి, "మన వాళ్లు మేడిపండంటే పురుగుల మాటే ఎత్తుతారండి," అన్నాను.

"ఆ పురుగు లోపలికి దూరి పుప్పొడి తేకపోతే కాయే పండదండి. పురుగును తిట్టుకుంటా పండు తినడం మనకే చెల్లింది. చింపాంజీ రెండిటినీ కలిపి తినేస్తాది. మాంసం వేరే వండక్కర్లేదు."

ఈ ప్రశ్నకి కాలేజీలో నాకు పదికి ఏడు వచ్చాయి. ఆయన నోటితో చెప్పిన దానికి నేనైతే తొమ్మిది వేసేవాణ్ని. బొమ్మ లేదని ఒకటి తగ్గించి.

మాంసం అంటే గుర్తొచ్చింది. మా వంటవాడు బాబు మియా శుక్రవారం మేకమాంసం వండేవాడు. ఆ మేకలు కొండలెక్కి దిగి ఎంత గట్టిపడ్డాయంటే, ముక్క నోట్లో వేసుకుంటే శనివారం డ్యూటీకి కూడా నములుతూనే వెళ్లేవాళ్లం. ఒక శుక్రవారం అమోసు గారు ఆ వాదీ చెట్టు కొమ్మ గీరి, చెంచాడు పాలు పట్టుకొచ్చి మాంసంలో కలిపారు. గంట తర్వాత మూత తీస్తే లోపల ముక్కలు లేవు.

బాబు మియా గరిటె ఎత్తి చూసుకున్నాడు. "అమోసు భాయ్, నేను బిర్యానీ పెట్టాను. మీరు హలీమ్ చేశారు."

"చూశారా," అన్నారు అమోసు గారు, తింటున్న అందరికీ వినపడేలా. "ఈ పాలల్లో మాంసాన్ని కరిగించే సరుకుంది. ఇంకేవో ఘాటు సరుకులు కూడా ఉన్నాయి. మేక ఒళ్లు, మన ఒళ్లు దానికి ఒకటే. ఎవరికైనా ఒంటికి అంటితే కడుక్కోండి, నీడలో ఉండండి, ఎండలోకి పోవద్దు. చింపాంజీకి భయం లేదు, దానికి ఒళ్లంతా బొచ్చు. మనకి లేదు."

ఆఖరి మాటకి మెస్సంతా ఘొల్లుమంది. తాపీ మేస్త్రీ నర్సయ్య లేచి చొక్కా విప్పి, "సారూ, నాకున్నది జూడున్రి, నేను పోవచ్చా ఎండలకు?" అన్నాడు. ఇంకా నవ్వారు. ముందు చెప్పిన మాటలు ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. అప్పుడు మాకు తెలియలేదు.

ఇక లచ్చన్న సంగతి. కోరుట్ల దగ్గరి మనిషి. సిమెంటు కలిపే పని. నోట్లో నాలుక లేనివాడు. ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి, కప్పు పడలేదు. భార్య కమలవ్వ ప్రతి ఉత్తరంలో ఒక్క మాట రాయించేది: 'మొగులైతాంది. కప్పు ఎన్నడేస్తవు?' మొగులంటే మబ్బు. చదివి పెట్టేది నేనే. జవాబు రాసేది కూడా నేనే. ప్రతిసారీ ఒకే జవాబు: 'ఈ కాంట్రాక్టు అయిపోంగనే.'

ఒక ఆదివారం పొద్దున లచ్చన్న రెండు ముంజేతులూ పొంగిపోయాయి. చారలు చారలుగా ఎర్రటి బొబ్బలు, పక్కన నల్లటి మచ్చలు. చూసినవాళ్లు చూసినట్టే వెనక్కి జరిగారు. మధ్యాహ్నానికి అతని మంచం గది బయట ఉంది. మోసింది నర్సయ్యే.

"ఏంజెయ్యాలె సారూ," అన్నాడు నర్సయ్య నాతో. "గదిల పది మందిమి. గురువారం మెడికలున్నది. అందరికి అంటుకుంటే అందరం ఇమానమెక్కాల్నా?"

అన్యాయం అనడానికి లేదు. మూడు నెలలకోసారి మస్కట్ నుంచి డాక్టర్ ఖమరుద్దీన్ వచ్చేవారు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఆయన సంతకం పెడితేనే బతాకా కొత్తదవుతుంది. చర్మం మీద ఏం కనిపించినా ఆయనకి అంటురోగమే. కిందటిసారి ముగ్గుర్ని పంపించేశారు. ఒకడైతే సిమెంటు పడిందని మొత్తుకున్నాడు. "అందరూ సిమెంటే అంటారు," అన్నారు డాక్టరు గారు.

ఆ సాయంత్రం అమోసు గారు తన మంచం తనే మోసుకొచ్చి, బయట లచ్చన్న మంచం పక్కన మూడడుగుల దూరంలో వేసుకున్నారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"చింపాంజీలు ఎవరి గూడు వాళ్లే కట్టుకుంటాయండి. కానీ పక్క చెట్టు మీదే."

తర్వాత లచ్చన్న వైపు తిరిగారు. "ఏం రాశావు నాయనా చేతులకి?"

"ఏం రాయలె సారూ."

"చింపాంజీ అబద్ధమాడదు."

లచ్చన్న మంచం నులక గిల్లాడు. "తామర లేశింది సారూ, గింతంత. మీకు జూపిస్తే కాయితం మీద రాస్తరు, కాయితం మీద రాస్తే డాక్టర్ జూస్తడు, ఇంటికి పంపుతడని చెప్పలె. మా ఊర్ల తామరకు మేడిపాలు రాస్తరు. మా అవ్వ రాసేది. రెండు దినాలల్ల పోయేది. గీ చెట్టు గూడ మేడి లెక్కనే ఉన్నది గద అని…"

"ఎప్పుడు రాశావు?"

"గురువారం, శనారం. పొద్దుగాల, డ్యూటీకి పోయే ముందల."

"తామర గింతంత అన్నావు. రెండు చేతులకీ ఎందుకు?"

"ముంగటనే రాస్తే ఇంకోటి లెవ్వదని."

"చొక్కా చేతులు?"

"మడిచిన."

అమోసు గారు వంగి ఆ చేతులకి తడిగుడ్డ చుట్టారు. నేను ఆయన ముఖం చూస్తున్నాను. ఏ మాట చెప్పినా వెనకాల చింపాంజీ వస్తుంది కదా, అది రాలేదు.

సోమవారం మధ్యాహ్నం ఇంకో వింత జరిగింది. పన్నెండున్నరకి, కాకులు కూడా లేని ఎండలో, అమోసు గారు మందుల గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎడమచేతి చొక్కా మోచేతి దాకా మడిచి, చెయ్యి చాచి ఒళ్లో పెట్టుకున్నారు. ముంజేతి మీద ఒకచోట ప్లాస్టరు అంటించి ఉంది. నీడ దాటితే మాకందరికీ ఉపన్యాసం ఇచ్చే మనిషి ఆయన.

"ఏంటండీ ఇది! చింపాంజీ ఏమంటుందీ?" అని గుమ్మంలోంచి అరిచాను.

"ఇవాళ దాన్ని అడగలేదండి," అన్నారు ఆయన. ఆ మాట అన్నాక ఇంకో గంటన్నర అక్కడే కూర్చున్నారు.

గురువారం పదకొండింటికి డాక్టర్ ఖమరుద్దీన్ గారు మందుల గదిలో బల్ల వెనక కూర్చున్నారు. ఫైళ్లన్నీ నా చంకలో. లచ్చన్న వంతు వచ్చింది. చేతులు చాచి నిలబడ్డాడు. డాక్టరు గారు కళ్లజోడు సర్దుకుని, కుర్చీ వెనక్కి జరిపారు.

"యే క్యా హై? అంటురోగం. పంపించెయ్యండి."

"రోగం కాదండి. చెట్టు పాలు," అన్నారు అమోసు గారు.

"కిందటిసారి సిమెంటు. ఈసారి చెట్టు. వచ్చేసారి చంద్రుడంటారు."

అప్పుడు అమోసు గారు తన ఎడమచేతి బొత్తాం విప్పి చొక్కా పైకి లాగారు. "నాకూ ఉందండి."

డాక్టరు గారు లేచి నిలబడ్డారు. "దేఖో! అంటుకుంది! నేను చెప్పలేదా? ఇద్దర్నీ పంపించండి!"

ఒక మనిషి పోతాడనుకుంటే ఇద్దరయ్యారు. లచ్చన్న అయితే ఏడుపు గొంతుతో, "సారూ, మీరెందుకు జూపిన్రు, కప్పుకోరాదున్రి," అంటున్నాడు.

అమోసు గారు కదల్లేదు. "ఒక్కసారి దగ్గరికొచ్చి చూడండి డాక్టరు గారూ. టైపు సారూ, మీరూ రండి. ఇదేంటో పైకి చదవండి."

వంగి చూశాను. ముంజేతి మీద బొబ్బలు ఎర్రగా, గుండ్రంగా, మెలిక తిరిగి, చివరి తోకతో సహా.

"ల అండి," అన్నాను.

"ఏంటది?" అన్నారు డాక్టరు గారు.

"మన ల. లచ్చన్నలో ల."

అమోసు గారు డాక్టరు గారి వైపు చూశారు. "మీరు పెద్ద చదువు చదివారు, ఎన్నో రోగాలు చూశారు. తెలుగు రాసే రోగాన్ని ఎప్పుడైనా చూశారాండి?"

ఆయన ఆ ల పక్కనున్న ప్లాస్టరు పీకారు. కింద చర్మం తెల్లగా, శుభ్రంగా ఉంది.

"ఇక్కడ కూడా అవే పాలండి. అదే చెయ్యి, అదే పూట, అదే అగ్గిపుల్లతో ఇంకో ల రాశాను. ఎండ తగలనివ్వలేదు, అంతే తేడా. రోగమైతే ప్లాస్టరు చూసి ఆగుద్దాండి?"

డాక్టరు గారు కూర్చున్నారు. ఆ చెయ్యి పట్టుకుని కిటికీ వైపు తిప్పారు. చాలాసేపు చూశారు. తర్వాత గొంతు మారిపోయింది.

"మా తాత హకీము. తెల్లమచ్చలకి బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టేవాడు. ఎవడైనా కునుకు తీసి ఎక్కువసేపు కూర్చుంటే ఇట్లనే పొంగేది. బిల్కుల్ ఇట్లనే."

"సొరాలిన్ సార్!" అని అరిచేశాను నేను. "బావంచాల్లో ఉండేది సొరాలిన్! అత్తిజాతిలో కొన్నిటి పాలల్లో కూడా ఉంటుంది సార్, ఎండ తగిలితేనే కాలుస్తుంది సార్! లచ్చన్న ఊళ్లో మేడికి ఈ గొడవ లేదు కాబోలు, చెట్టు వేరు సార్!"

డాక్టరు గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "నువ్వు టైపిస్టువి కదా?"

"అవును సార్."

"అచ్ఛా." కలం మూత తీశారు. "సంతకం చేస్తాను. కానీ మస్కట్‌లో పైవాళ్లు అడుగుతారు, కాంపౌండరు మాట ఎందుకు నమ్మావని. ఆధారం రాయాలి. అమోసు, నీకు ఈ చెట్ల సంగతి ఎట్లా తెలుసు?"

అమోసు గారు నోరు తెరిచే లోపల లచ్చన్నే చెప్పేశాడు. "సారు ఆఫ్రిక అడవిలుండె సాబ్! చింపాంజిల నడుమ! తొమ్మిదేండ్లు!"

"అట్లనా? చింపాంజీల మధ్యనా?" డాక్టరు గారికి హుషారొచ్చింది. "ఫైల్ చూసి చెప్పు టైపిస్ట్. ఎక్కడ చేశాడు?"

ఫైల్ తెరిచాను. సర్టిఫికెట్ ఉంది. ముద్ర ఉంది. దారెస్సలాం ఓడరేవు. హార్బరు కూలీల డిస్పెన్సరీ. తొమ్మిదేళ్లూ అక్కడే, ఒక్క బదిలీ లేదు. ఆ ఓడరేవులో క్రేన్లుంటాయి, మూటలుంటాయి, మూటల్లో ఎలకలుంటాయి. చింపాంజీ ఒకటి అక్కడికి రావాలంటే రైలు టికెట్టు కొనుక్కుని రావాలి.

తల ఎత్తాను. అమోసు గారు కిటికీ బయటికి చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. లచ్చన్న చేతులు ఇంకా చాచే ఉన్నాయి, ఇంటి కప్పు వాటి మీదే ఉన్నట్టు. డాక్టరు గారి కలం కాగితానికి అంగుళం పైన ఆగింది.

"ఆఫ్రికా సార్," అన్నాను. "తొమ్మిదేళ్లు."

ఫైల్ మూసేశాను.

డాక్టరు గారు అదే రాసుకున్నారు. కింద సంతకం చేశారు. రెండు సంతకాలు.

సాయంత్రం టీ గ్లాసులు పట్టుకుని మందుల గదికి వెళ్లాను. ఆయన ఎడమచేతికి తడిగుడ్డ చుట్టుకుంటున్నారు. నేనేమీ అడక్కముందే మొదలుపెట్టారు.

"అక్కడ డిస్పెన్సరీలో ఒక ముసలి ఫారెస్టు గార్డు పడ్డాడండి. సరస్సు పక్కనుండే అడవి మనిషి. కాలు విరిగి నాలుగు నెలలు మంచం మీదే. అడవి మీద బెంగతో అన్నం ముట్టేవాడు కాదు. నేను పక్కన కూర్చుని, నీ చెట్ల గురించి చెప్పవయ్యా, రాసుకుంటా అన్నాను. చెప్తా చెప్తా తినేవాడు. ఒక చెట్టుకి ఒక పూట భోజనం. ఆ పుస్తకం అంతా ఆయనదేనండి. ఎండలో పాలు కాలుస్తాయన్నదీ ఆయనే, వాళ్ల వంటవాడికి అలా అయిందంట."

"ఆ బొమ్మలు?"

"చింపాంజీని నేనెక్కడ చూశానండి? ఆయన్ని చూసి వేశాను."

నేను ఒకటీ ఒకటీ గుర్తు తెచ్చుకున్నాను. చింపాంజీ తింటాది, చింపాంజీ ముట్టదు, చింపాంజీ ఆగుద్ది. నేను చూశాను అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

"మరి రోజూ ఎందుకండీ ఈ చింపాంజీ?"

"నిలవన్నం తినొద్దని కాంపౌండరు చెప్తే ఎవడు వింటాడండి? చింపాంజీ తినదంటే నవ్వుకుంటా పక్క గదికెళ్లి చెప్తారు. అలా క్యాంపంతా తిరుగుద్ది. మొన్న ఒక్కసారి మరీ ఎక్కువ నవ్వించాను. ముఖ్యమైన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, లచ్చన్న చేతులు కాలాయి. తప్పు నాది. అందుకే ఈ చెయ్యి." టీ గ్లాసు నొక్కి చూసి, వాసన చూసి తాగారు. "బానే ఉందండి."

ఆ ల నెలల తరబడి పోలేదు. బొబ్బలు తగ్గి గోధుమరంగు మచ్చగా నిలబడిపోయింది. లచ్చన్న మంచం నర్సయ్యే మోసి లోపల పెట్టాడు. అమోసు గారి మంచం కూడా మోయబోతూ, "సారూ, గా చేతి మీద ల ఎవరిది? లలితమ్మా, లక్ష్మమ్మా?" అన్నాడు. "చింపాంజీ పేరు," అన్నారు ఆయన.

ఆషాఢంలో కమలవ్వ ఉత్తరం వచ్చింది. కప్పు పడింది. వాన వచ్చింది. లోపల ఒక్క చుక్క పడలేదు. చదివి వినిపించాను. లచ్చన్న రెండుసార్లు చదివించుకుని, సంచిలోంచి రెండు కమలాపండ్లు తీసి నా బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"టైపు సారూ, నేనొక మొక్కు మొక్కుకున్న. నౌకరి నిలబడితే ఎన్నడన్న ఒక్కపారి చింపాంజికి దండం పెట్టొస్తనని. గదిలోల్లు నవ్వుతున్రు, అమోసు సారు ఒట్టిగనే చెప్తడంటున్రు. మీ దగ్గర కాయితాలుంటయి గద. నిజం చెప్పున్రి. సారు కండ్లార చూసిండా, లేదా?"

ఆ ఫైల్ నా మోకాలికి ఆనుకుని ఉన్న సొరుగులోనే ఉంది. నేను ఒక కమలాపండు తీసుకున్నాను. బొటనవేలితో, చూపుడువేలితో మెల్లిగా నొక్కాను. వాసన చూశాను. పెదవికి ఆనించాను. అతను నా ముఖంలోకే చూస్తున్నాడు.

"తిను లచ్చన్నా," అన్నాను. "చింపాంజీ అయితే తింటుంది."

మీరైతే ఏం చెప్పేవాళ్లు?